శివారు బెంచీకి నీళ్లు అందుతున్నాయా? తోటి లెక్చరర్ క్లాసు చూసి పనికొచ్చే మాట చెప్పడం ఎలా

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలారన్నది ఒక లెక్క, కాలువ చివరి శివారు చేలోకి ఎంత చేరిందన్నది ఇంకో లెక్క. లాకు దగ్గర నిలబడి చూసేవాడికి కాలువ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. డిగ్రీ కాలేజీ క్లాసూ అంతే. డయాస్ మీద ఉన్న లెక్చరర్‌కు ముందు మూడు బెంచీలు కనిపిస్తాయి, వాళ్ల తల ఊపులు కనిపిస్తాయి. చివరి బెంచీలో ఏం జరిగిందో చూసి చెప్పాలంటే అక్కడ ఇంకో మనిషి కూర్చోవాలి. క్లాసు పరిశీలన అంటే నా దృష్టిలో ఇదొక్కటే. పాఠం ఎంత చేరిందో చూసి చెప్పడం తప్ప మాస్టారికి మార్కులు వేయడం కాదు.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక పెద్దాయన నా కెమిస్ట్రీ క్లాసుకు వచ్చారు. ముందు చెప్పలేదు. వెనక తలుపులోంచి వచ్చి కూర్చుని, పన్నెండు నిమిషాలకు లేచి వెళ్లిపోయారు. నెల తర్వాత ఫైల్లో రెండు ముక్కలు కనిపించాయి: "గొంతు చాలదు. మెరుగుపడాలి." ఆ రోజు ఆయన తల మీద ఫ్యాను గడగడలాడుతోంది. నా గొంతు చాలలేదా, ఫ్యానుకు ఆయిల్ చాలలేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. నేను మాత్రం ఆ ఏడాదంతా అరిచి పాఠం చెప్పి గొంతు పాడుచేసుకున్నాను.

ఫీడ్‌బ్యాక్ అంటే మేలే జరుగుతుందనుకోవడం పొరపాటు. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే ఇద్దరు 1996లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క తీశారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనితీరును పెంచుతుంది, కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో తగ్గించింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫలితం పోతుందని వాళ్ల వాదన. నా ఫైల్లోని రెండు ముక్కలూ అలాంటివే.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ కాగితం ఎవరిది?

కాలేజీల్లో క్లాసు చూడటానికి కారణాలు చాలా ఉంటాయి. కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ నాక్ నుంచి బృందం వస్తోందంటే, కాలేజీలోనే నాణ్యత సంగతి చూసుకునే ఐక్యూఏసీ వాళ్లకు రికార్డు కావాలి. ప్రమోషన్‌కు ఫైలు కావాలి. పిల్లలు ఫిర్యాదు చేస్తే ప్రిన్సిపాల్ వెళ్లి చూడాలి. ఇవి తప్పేమీ కావు, కానీ ఇవి తనిఖీలు. మనం మాట్లాడుకుంటున్నది సాయం. ఈ రెండింటికీ ఒకే కాగితం వాడితే సాయం చచ్చిపోతుంది. తన తడబాటు ఫైలెక్కుతుందని తెలిస్తే ఏ లెక్చరరూ తడబడే పాఠానికి మిమ్మల్ని పిలవరు. ఇరవైసార్లు చెప్పి నలిగిన పాఠం తీసి చూపిస్తారు.

గెస్ట్ లెక్చరర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వచ్చే ఏడు కొనసాగిస్తారో లేదో తెలియని మనిషికి మీ చేతిలోని పెన్ను కత్తిలా కనిపిస్తుంది. అందుకే మొదటి మాటగా, నోరు తెరిచి ఇలా చెప్పండి: "నేను రాసుకున్న కాగితం మీకే ఇచ్చేస్తాను. జిరాక్స్ ఉంచుకోను. హెచ్‌ఓడీ అడిగినా ఇవ్వను." చెప్పాక మాట నిలబెట్టుకోవాలి. రికార్డుకు ఏదైనా తప్పదంటే "ఫలానా తేదీన పరిశీలన, చర్చ జరిగాయి" అన్న ఒక్క వాక్యం చాలు. ప్రిన్సిపాల్‌తో ఈ ఒప్పందం ముందే చేసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

ఎవరు చూడాలన్నదీ ఇక్కడే తేలాలి. అదే సబ్జెక్టు వాళ్లయితే పాఠంలో తప్పులు పట్టుకుంటారు. కానీ వేరే సబ్జెక్టు వాళ్లు కూర్చుంటే ఇంకో లాభం ఉంది, వాళ్లకూ పిల్లలకు అర్థం కానిచోటే అర్థం కాదు. నేను ఎక్కువగా చూసినవి ఎకనామిక్స్, కామర్స్ క్లాసులు. ఇంకో మాట కూడా చెప్పాలి. స్టాఫ్ రూముల్లో "మనవాడు", "వాళ్ల మనిషి" అనే లెక్కలు ఉంటాయి, లేవనుకుని నటించడం అనవసరం. మీ ఇద్దరి మధ్య అలాంటి గీత ఉందనిపిస్తే మీరు తప్పుకుని ఇంకొకరిని పంపండి.

మొదటి అడుగు: క్లాసుకు ముందు ఇరవై నిమిషాలు

1950, 60ల్లో హార్వర్డ్‌లో మోరిస్ కోగన్, రాబర్ట్ గోల్డ్‌హామర్ టీచర్ల శిక్షణ కోసం ఒక పద్ధతి తయారుచేశారు. ముందు మాట్లాడటం, చూడటం, చూసింది విడదీసుకోవడం, తర్వాత మాట్లాడటం, చివరగా పరిశీలకుడు తన పనిని తానే బేరీజు వేసుకోవడం. మొత్తం ఐదు అంచెలు. మన దగ్గర ఎక్కువమంది మొదటిది, చివరిది వదిలేస్తారు. అసలు పని సగం మొదటిదాంట్లోనే ఉంది.

ముందు రోజు ఎక్కడైనా కూర్చోండి. స్టాఫ్ రూమ్ వద్దు, పది చెవులుంటాయి. క్యాంటీన్ బయట చెట్టు కింద టీ తాగుతూ అడగండి. రేపటి పాఠం ఏమిటి? నిన్న ఎక్కడ ఆపారు? క్లాసు అయ్యేసరికి పిల్లలకు ఏం చేయడం రావాలి? ఈ మూడో ప్రశ్నకు "యూనిట్ టూ అయిపోవాలండి" అని జవాబు వస్తే నవ్వకండి, చాలామంది మొదట అదే అంటారు. మళ్లీ అడగండి: "అది మీ పని. పిల్లలకు ఏం రావాలి?"

తర్వాత అసలు ప్రశ్న: "నేను ఏం చూడాలి?" ఎంచుకోవాల్సింది వాళ్లు. "అన్నీ చూడండి సార్" అంటే ఏదీ చూడొద్దని అర్థం. కాస్త ఆగితే లోపల ఉన్నది బయటకు వస్తుంది. "ప్రశ్న అడిగితే ఎవరూ నోరు విప్పరండి." "అబ్బాయిల వైపు అసలు చూడనేమో అని అనుమానం." "నా ఇంగ్లిష్ వాళ్లకు అందట్లేదేమో." వీటిలో ఒకటి పట్టుకోండి, రెండు కూడా ఫర్వాలేదు, మూడు మాత్రం వద్దు.

ఎక్కడ కూర్చోవాలి, పిల్లలకు ఏమని చెప్పాలి, ఎంతసేపు ఉండాలి అన్నవి కూడా తేల్చుకోండి. నా మట్టుకు పూర్తి పీరియడ్ ఉండాల్సిందే.

రెండో అడుగు: ఏం చూస్తారో దాన్నిబట్టి కాగితం

వాళ్లు అడిగినదాన్నిబట్టి కాగితం మారుతుంది. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడట్లేదు అన్నది తెలియాలంటే బల్లల పటం చాలు. తెల్లకాగితం మీద బెంచీలు గీసి, లెక్చరర్ ఎవర్ని అడిగితే ఆ చోట ఒక టిక్కు, ఎవరు తమంతట తాము అడిగితే ఒక చుక్క పెట్టండి. అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు కూర్చునే మన క్లాసుల్లో ఈ పటం పది నిమిషాల్లోనే కథ చెప్పేస్తుంది.

సమయం ఎటు పోయిందో తెలియాలంటే రెండేసి నిమిషాల గడుల పట్టిక గీసుకోండి. అమెరికా, కెనడాల్లో సైన్సు క్లాసుల కోసం తయారై 2013లో వచ్చిన కోపస్ అనే పద్ధతి ఇదే. ప్రతి రెండు నిమిషాలకు లెక్చరర్ ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు అని గుర్తు పెడతారు. దాంట్లో పాతిక గుర్తులున్నాయి, మనకు ఆరు చాలు: చెప్పడం, బోర్డు మీద రాయడం, ప్రశ్న అడగడం, పిల్లలు వినడం, పిల్లలు రాసుకోవడం, పిల్లలు మాట్లాడటం. బీఈడీ చదివినవాళ్లకు ఫ్లాండర్స్ పద్ధతి గుర్తుండే ఉంటుంది: క్లాసులో మాటల తీరుకు పది వర్గాలు, మూడేసి సెకన్లకు ఒక అంకె. పరీక్షకు బాగుంటుంది. పీరియడంతా మూడు సెకన్లకోసారి అంకె వేస్తూ కూర్చున్నవాడు క్లాసు చూడలేడు.

ప్రశ్నల గురించి అడిగితే ప్రతి ప్రశ్నా మాట మారకుండా రాయండి, ఎన్ని సెకన్లు ఆగారో పక్కన వేయండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో ఇదే కొలిచింది. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పేవాళ్లు పెరిగారు. ఇంత చవకైన మందు మన వృత్తిలో ఇంకోటి నేను చూడలేదు.

మూడో అడుగు: చివరి బెంచీలో

బెల్లు కొట్టకముందే వెళ్లి చివరి వరసలో, ఒక పక్కగా కూర్చోండి. ఎవరైనా కుర్చీ తెచ్చి ముందు వేస్తే వద్దనండి. పిల్లలు లేచి నమస్తే పెడతారు, కూర్చోమని సైగ చేయండి. "సార్ నన్ను చూడటానికి వచ్చారు, మిమ్మల్ని కాదు" అని లెక్చరరే ఒక్క మాట చెబితే గది సర్దుకుంటుంది. ఆ తర్వాత మీ నోటికి తాళం. పాఠంలో తప్పు దొర్లినా, కరెంటు పోయినా, పక్కవాడు మిమ్మల్ని సందేహం అడిగినా సరే. మీ ముఖం కూడా మాట్లాడుతుంది. లెక్చరర్ మిమ్మల్ని చూసిన ప్రతిసారీ మీ కనుబొమల్లో మార్కులు వెతుక్కుంటారు, అందుకే ఎక్కువసేపు తల వంచి రాసుకోవడమే మేలు.

ఎలా రాయాలో ఒక నమూనా చూపిస్తాను. ఇది మా వైపు ఒక కాలేజీలో, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఎకనామిక్స్ మేడమ్ క్లాసు. పాఠం డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర ఇంత శాతం మారితే అమ్మకం ఎన్ని రెట్లు శాతం మారుతుందన్న లెక్క. ఆవిడ అడిగింది: "నేను ప్రశ్నలు బాగానే అడుగుతాను, జవాబులు రావు. ఎందుకో చూడండి."

10:04 హాజరు మొదలు. 10:09 ముగిసింది.
10:10 "నిన్న ఎక్కడ ఆపాం?" ముందు బెంచీ అమ్మాయి జవాబు.
10:13 నిర్వచనం ఇంగ్లిష్‌లో రెండుసార్లు చదివారు. అందరూ రాసుకుంటున్నారు.
10:21 బోర్డు మీద లెక్క: కొబ్బరికాయ ధర 20 నుంచి 16కి తగ్గింది, అమ్మకం 100 నుంచి 130కి పెరిగింది. "వ్యాకోచత్వం ఎంత?" ఒక సెకను. "1.5" అని తనే చెప్పారు.
10:22 "అర్థమైందా?" "ఆఁ మేడమ్" (ముందు మూడు బెంచీలు).
10:24 చివరి రెండు బెంచీల్లో ఏడుగురు. నలుగురి పుస్తకాల్లో లెక్క లేదు. "20 పర్సెంట్ ఎక్కడిదిరా?" అని ఒకడు పక్కవాణ్ని అడిగాడు.

ఇందులో "బాగుంది", "బోరు కొట్టింది" లాంటి మాటలు లేవని గమనించండి. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, గడియారంలో ఎంతయింది, అంతే. "పిల్లలు శ్రద్ధగా లేరు" అన్నది తీర్పు, "ఏడుగురిలో నలుగురు లెక్క రాసుకోలేదు" అన్నది చూసిన సంగతి. తీర్పు మీద వాదించవచ్చు, నలుగురి మీద వాదించలేరు. మీకేమైనా అనిపిస్తే కాగితం కుడి అంచున వేరేగా రాసుకోండి. బయటకు వచ్చాక దాంట్లో సగం కొట్టేస్తారు.

భాష సంగతి విడిగా చెప్పాలి. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయింది. పదో తరగతి దాకా, కొందరైతే ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు పల్లెల నుంచి రెండు బస్సులు మారి వస్తున్నారు. "ఇంగ్లిష్ మెరుగుపడాలి" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మాట దగ్గర పెన్నులు ఆగాయో, ఎక్కడ తెలుగులోకి వస్తే తలలు లేచాయో రాయండి. లెక్చరర్‌కు కావలసింది అది.

నాలుగో అడుగు: ఆ సాయంత్రం, ఒంటరిగా

క్లాసు అవ్వగానే వరండాలో "ఎలా ఉంది సార్?" అని అడుగుతారు. "థాంక్యూ, చాలా రాసుకున్నాను, రేపు మాట్లాడుకుందాం" అనండి. రెండు రోజులు దాటనివ్వకండి. ఆ రాత్రి అరగంట కూర్చుని కాగితం చదివి, వాళ్లు అడిగిన ప్రశ్నకు సంబంధించిన మూడు సంగతులు ఎంచుకోండి. అందులో ఒకటి కచ్చితంగా పనిచేసింది అయి ఉండాలి, మర్యాద కోసం కాదు. తను ఏం చేస్తే పిల్లలకు అందిందో తెలియని లెక్చరర్ వచ్చే ఏడు దాన్నే మానేస్తారు.

ఐదో అడుగు: మాట్లాడటం

మన గోదావరి జిల్లాల్లో దీనికి రెండు అడ్డంకులు. ఒకటి మర్యాద. "ఆయ్, అదిరిపోయిందండీ, మీకు చెప్పేదేముందండీ" అని కాఫీ తాగి లేచిపోతాం. రెండోది వెటకారం. "మేడమ్ గారు క్లాసుకెళ్తే నిద్రమాత్రలు అక్కర్లేదండీ" అని నవ్వుతూ అనేస్తాం, ఎదుటివాళ్లూ నవ్వుతారు, ఆ నవ్వు పదేళ్లు గుచ్చుకుంటుంది. ఊళ్లో వెటకారం అందమే. ఈ అరగంట మాత్రం దాన్ని గుమ్మం బయట వదిలి రండి.

ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. "మీకు ఎలా అనిపించింది?" అని అడిగి ఆగండి. ఆ మూడు సెకన్లు ఇక్కడ మీకూ వర్తిస్తాయి. ఆ ఎకనామిక్స్ మేడమ్ వయసులో మా అమ్మాయంత ఉంటుంది. మామూలుగా "ఏమ్మా" అని పిలుస్తాను, ఆ రోజు మాత్రం "మేడమ్" అన్నాను. పిలుపు మారితే కుర్చీలు సమానమవుతాయి. మాటలు దాదాపు ఇలా సాగాయి.

"లెక్క దగ్గర కొంచెం స్పీడయ్యానేమో సార్."
"ఏం చూసి అలా అనిపించింది?"
"ఎవరూ జవాబు చెప్పలేదు కదా."
"ఇదిగో నేను రాసుకున్నది. ప్రశ్నకు, మీ జవాబుకు మధ్య ఎంతసేపు ఉందో చూడండి."
చూసింది. "ఒక్క సెకనా? నేను చాలాసేపు ఆగాననుకున్నానండి."
"డయాస్ మీద అలాగే అనిపిస్తుంది, నాకూ అంతే. ఇంకోటి, చివర్లో ఒకబ్బాయి 20 పర్సెంట్ ఎక్కడిదని పక్కవాణ్ని అడిగాడు."
"అయ్యో, 20లో 4 అని చెప్పనే లేదు."

ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. కాగితం వాళ్ల ముందు పెట్టి తప్పుకుంటే సగం సార్లు వాళ్లే పట్టుకుంటారు. పట్టుకోనప్పుడు మాత్రం నసగకండి. "చివరి రెండు బెంచీల్లో నలుగురు లెక్క రాసుకోలేదు, అది నాకు ముఖ్యమనిపించింది" అని సూటిగా చెప్పండి. "నేనైతే ఇలా చేసేవాణ్ని" అన్న మాట వాళ్లు అడిగేదాకా తీయకండి. మెచ్చుకుని, "కానీ" అని, తిట్టి, మళ్లీ మెచ్చుకునే పద్ధతి నాకు నచ్చదు. "కానీ" వినగానే ముందున్న మెచ్చుకోలు అబద్ధమైపోతుంది.

కొందరికి కోపం వస్తుంది. "ఈ బ్యాచ్ అంతేనండి, బేస్ లేదు" అంటారు. ఖండించకండి, అందులో నిజం కూడా ఉంటుంది. "సరే, ఈ బ్యాచ్‌తోనే ఏ ఐదు నిమిషాలు బాగా నడిచాయి?" అని అడిగి మీ కాగితంలో చూపించండి. కళ్లలో నీళ్లు తిరిగితే కాగితం మూసేసి, ఇంకో రోజు పెట్టుకోండి.

చివర్లో ఒకే ఒక్క మార్పు అనుకోండి, అది వచ్చే వారమే చేయగలిగినదై ఉండాలి. ఆ మేడమ్ రెండు కావాలంది, ఒకటే పెట్టుకున్నాం: ప్రశ్న అడిగాక పిల్లల్ని ముందు పుస్తకంలో జవాబు రాయమని, తర్వాత అడగడం. ఎదురు చూసే సమయం దానంతటదే వస్తుంది. భీమవరం వైపు రొయ్యల రైతు చెరువు పైపైన చూసి మేత తిన్నాయనుకోడు, మేత వేసి నీళ్లలో దించిన చెక్ ట్రే పైకి లాగి చూస్తాడు. మేత మిగిలితే రొయ్యల్ని తిట్టకుండా తర్వాతి పూట మేత సరిచేస్తాడు. పిల్లల పుస్తకాల మధ్య తిరిగి ఆ ఒక్క లైను చూడటం అలాంటిదే. "అర్థమైందా?" అని అడగడం చెరువు గట్టున నిలబడి చూడటం.

ల్యాబ్‌లు, పిల్లల మాట

ల్యాబ్‌లో కూర్చోకండి, లెక్చరర్ వెనక కాకుండా ఒకే బ్యాచ్ దగ్గర నిలబడి మొత్తం ప్రయోగం చూడండి. ఎవరు బ్యూరెట్ పట్టుకున్నారు, ఎవరు రీడింగులు కాపీ కొట్టారు అన్నవే అక్కడ ముఖ్యం.

పిల్లల అభిప్రాయం కావాలంటే సెమిస్టర్ చివరి ఫారాల కోసం ఆగొద్దు, అప్పటికి ఆ బ్యాచ్‌కు ఏ మేలూ జరగదు. సెమిస్టర్ మధ్యలో లెక్చరర్‌ను ఇరవై నిమిషాలు బయటకు వెళ్లమనండి. పిల్లల్ని ఐదుగురేసి కూర్చోబెట్టి, ఏది నేర్చుకోవడానికి సాయపడుతోంది, ఏది మారితే బాగుంటుంది అని రాయించండి. ఎక్కువ గుంపులు ఒప్పుకున్నవే, పేర్లు లేకుండా, లెక్చరర్‌కు చెప్పండి.

ఆరో అడుగు: మళ్లీ వెళ్లడం

మూడు వారాల తర్వాత వెళ్లండి. ఈసారి అనుకున్న ఆ ఒక్కటే చూడండి, కొత్త లోపం కనిపించినా రాయకండి. మొదటిసారి మీరున్నారని పిల్లలు బిగుసుకుపోతారు, రెండోసారికి మిమ్మల్ని మరిచిపోతారు. అసలు క్లాసు అప్పుడే కనిపిస్తుంది.

వాళ్లనూ మీ క్లాసుకు పిలవండి. నేను పిలిచాను. "నేను బోర్డు ఎలా వాడుతున్నానో చూడండి మేడమ్" అన్నాను, నా బోర్డు మీద నాకు కాస్త గర్వం. ఆవిడ రెండు నిమిషాల గడుల పట్టిక వేసుకుని కూర్చుంది. మర్నాడు చెట్టు కింద కాగితం నా చేతికిచ్చి, మూడు సెకన్లు ఆగి, అడిగింది: "మీకు ఎలా అనిపించింది సార్?" కాగితం చూశాను. యాభై నిమిషాల్లో పంతొమ్మిది నిమిషాలు నేను పిల్లలకు వీపు పెట్టి, బోర్డుతోనే మాట్లాడాను.